విటమిన్ 'ఎ' నుంచి పుట్టిన మందు: ఒక రక్త క్యాన్సర్ లొంగిన విధానం

క్యాన్సర్ చికిత్స అనగానే రోగకణాలను చంపడమే అందరికీ స్ఫురిస్తుంది. శస్త్రచికిత్సతో తొలగించినా, కిరణాలతో దహించినా, తీవ్రమైన మందులతో నశింపజేసినా లక్ష్యం ఒక్కటే. అయితే ఒక రకం రక్త క్యాన్సర్ విషయంలో వైద్యశాస్త్రం వేరొక మార్గాన్ని కనుగొన్నది. ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన రోగకణం చేత ఆ ఎదుగుదలను పూర్తి చేయించడమే ఆ మార్గం. అందుకు ఉపకరించిన పదార్థం మన శరీరంలోనే విటమిన్ 'ఎ' నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం.

ఆ వ్యాధి పేరు అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా. వైద్యులు దీనిని క్లుప్తంగా ఎ.పి.ఎల్. అంటారు. ఒకప్పుడు రోజులు, వారాల వ్యవధిలోనే ప్రాణం తీసిన ఈ వ్యాధి నేడు సకాలంలో చికిత్స అందితే అత్యధికులకు నయమవుతున్నది. 'సకాలంలో' అన్న మాటకు ఇక్కడ నెలలు కాదు, గంటలు, రోజులు అని అర్థం. కాబట్టి ఈ వ్యాధిని గురించి, ఈ మందును గురించి గ్రామీణ కుటుంబాలకు కూడా కొంత అవగాహన ఉండడం అవసరం.

మూలుగలో జరిగే పని

రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి. ప్లేట్‌లెట్లు గాయమైనచోట రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. తెల్లకణాలు సూక్ష్మజీవులతో పోరాడతాయి. తెల్లకణాలలో అధిక సంఖ్యలో ఉండే న్యూట్రోఫిల్ ఒక్కసారిగా తయారు కాదు. శిశువు బాల్యం, కౌమారం దాటి పెద్దవాడైనట్లు అది కూడా కొన్ని దశలు దాటుతుంది. ఆ దశలలో రెండవదాని పేరు ప్రోమైలోసైట్. పూర్తిగా ఎదిగిన న్యూట్రోఫిల్ ఇక విభజన చెందదు. కొద్దికాలం తన విధి నిర్వర్తించి సహజంగానే నశిస్తుంది.

ఎ.పి.ఎల్. వ్యాధిలో కణాలు ప్రోమైలోసైట్ దశలోనే నిలిచిపోతాయి. ఎదగవు, కాని సంఖ్యలో పెరుగుతూనే ఉంటాయి. మూలుగ అంతా వాటితో నిండిపోయి, మంచి కణాలకు చోటు లేకుండా పోతుంది. ఎర్రకణాలు తగ్గి నీరసం, పాలిపోవడం మొదలవుతాయి. పనికివచ్చే తెల్లకణాలు తగ్గి జ్వరాలు వస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావం కలుగుతుంది.

ఇతర లుకేమియాలలో ఇంతగా కనిపించని ఒక ప్రమాదం ఇందులో ఉన్నది. ఈ రోగకణాలు విడుదల చేసే పదార్థాలు రక్తం గడ్డకట్టే వ్యవస్థనే తారుమారు చేస్తాయి. గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లు వృథాగా ఖర్చయిపోతాయి. కట్టిన గడ్డలు కరిగిపోతాయి. ఫలితంగా మెదడులోనో, ఊపిరితిత్తులలోనో రక్తస్రావం జరిగి రోగి హఠాత్తుగా మరణించవచ్చు. 1957లో నార్వే వైద్యుడు హిల్లెస్టాడ్ ఈ వ్యాధిని ప్రత్యేకంగా గుర్తించి వర్ణించినప్పుడు, లుకేమియాలన్నింటిలో ఇది అతి తీవ్రమైనదని భావించారు.

విటమిన్ నుంచి ఆమ్లం దాకా

మునగాకు, తోటకూర, కరివేపాకు, బొప్పాయి, మామిడిపండు, క్యారెట్ వంటి వాటిలో బీటా కెరోటిన్ ఉంటుంది. శరీరం దానిని విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది. పాలు, గుడ్లు, కాలేయం వంటి ఆహారాలలో ఆ విటమిన్ నేరుగానే లభిస్తుంది. మిగులును కాలేయం నిల్వ చేసుకుంటుంది. ఈ విటమిన్‌కు శరీరంలో మూడు ప్రధాన రూపాలున్నాయి. రెటినాల్ నిల్వకు, రవాణాకు ఉపయోగపడుతుంది. రెటినాల్డిహైడ్ కంటిచూపుకు అవసరం. ఇది లోపించినప్పుడే రేచీకటి వస్తుంది. మూడవది రెటినోయిక్ ఆమ్లం. ఇది తిరిగి మొదటి రెండు రూపాలలోకి మారలేదు. కనుక చూపు విషయంలో దీనికి పాత్ర లేదు. కణాల ఎదుగుదలను నియంత్రించడమే దీని పని.

ఈ ఆమ్లం కణ కేంద్రకంలోకి ప్రవేశించి అక్కడి గ్రాహకాలతో జతకూడుతుంది. అప్పుడు కొన్ని జన్యువులు మేల్కొంటాయి. గర్భస్థ శిశువు అవయవాలు రూపుదిద్దుకోవడంలో, చర్మకణాలు పక్వం కావడంలో, రక్తకణాలు ఎదగడంలో ఈ ప్రక్రియకు ప్రాధాన్యం ఉన్నది.

ప్రయోగశాలలో తొలి ఆనవాళ్లు

లుకేమియా కణం శాశ్వతంగా చెడిపోయినది కాదని, తగిన ప్రేరణ లభిస్తే తిరిగి ఎదగగలదని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త లియో సాక్స్ వంటివారు ఎలుకల కణాలపై చేసిన పరిశోధనలతో సూచించారు. 1977లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు ఒక రోగి రక్తం నుంచి హెచ్.ఎల్.-60 అనే కణ సంతతిని ప్రయోగశాలలో పెంచగలిగారు. 1980లో థియోడర్ బ్రైట్‌మన్ బృందం ఆ కణాలకు రెటినోయిక్ ఆమ్లాన్ని అందించింది. లీటరులో ఒక మోల్‌లో పదిలక్షల వంతు గాఢత వద్ద సుమారు 90 శాతం కణాలు ఎదిగిన తెల్లకణాల రూపం దాల్చాయి. వాటి విభజన క్రమంగా ఆగిపోయింది. అదే పరీక్షలో విటమిన్ 'ఎ' సాధారణ రూపమైన రెటినాల్ మాత్రం ఎన్నో రెట్లు బలహీనంగా పనిచేసింది.

మరుసటి సంవత్సరం అదే బృందం 21 మంది లుకేమియా రోగుల నుంచి నేరుగా తీసిన కణాలను పరీక్షించింది. ఇద్దరి కణాలు మాత్రమే ఎదిగాయి. ఆ ఇద్దరూ ఎ.పి.ఎల్. రోగులే. ఈ ఆమ్లం అన్ని లుకేమియాలకూ మందు కాదని, ఈ ఒక్క రకానికి మాత్రం దీనితో ఏదో ప్రత్యేక సంబంధం ఉన్నదని అప్పుడే తేలింది.

షాంఘైలో చికిత్స

ప్రయోగశాలలో కనిపించిన దానిని మనిషికి మేలు చేసే చికిత్సగా మలచినది చైనా వైద్యుడు వాంగ్ చెన్ యీ. షాంఘై నగరంలోని రుయిజిన్ ఆసుపత్రిలో ఆయన బృందం ఆల్ ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లం అనే రూపాన్ని ఎంచుకున్నది. దీనినే వైద్యులు 'ఆట్రా' అని, మందుల దుకాణదారులు 'ట్రెటినాయిన్' అని వ్యవహరిస్తారు. అప్పటికి చర్మవ్యాధుల చికిత్స నిమిత్తం షాంఘైలోనే ఇది తయారవుతూ ఉండడం వారికి కలిసివచ్చింది.

1985లో ఐదేళ్ల బాలిక ఒకతె ఈ వ్యాధితో ప్రాణాపాయ స్థితికి చేరింది. ఇతర మందులు ఫలించలేదు. నోటి ద్వారా ఆట్రా ఇవ్వగా ఆమె కోలుకున్నది. 1988లో ఆ బృందం 24 మంది రోగుల వివరాలను 'బ్లడ్' అనే వైద్యపత్రికలో ప్రకటించింది. వారిలో 8 మందికి పూర్వపు మందులు పనిచేయలేదు. 16 మంది కొత్త రోగులు. 23 మందిలో ఒక్క ఆట్రాతోనే వ్యాధి లక్షణాలు తొలగాయి. మిగిలిన ఒక్కరికి స్వల్ప మోతాదులో మరో మందు చేర్చవలసి వచ్చింది. సాధారణ కీమోథెరపీలో మూలుగ దాదాపు ఖాళీ అయి, ఆ తరువాత కోలుకుంటుంది. ఇక్కడ మూలుగ ఖాళీ కాలేదు. రోగకణాలే ఎదిగి, వయసు మీరి, రాలిపోయాయి.

ఎందుకు ఈ ఒక్క వ్యాధిలోనే?

1977లోనే షికాగో శాస్త్రవేత్త జానెట్ రౌలీ ఎ.పి.ఎల్. కణాలలో ఒక విశేషాన్ని గమనించారు. 15వ క్రోమోజోము ముక్క, 17వ క్రోమోజోము ముక్క పరస్పరం తావులు మార్చుకున్నాయి. 1990 ప్రాంతంలో ఆ తెగిన చోటు ఏదో తెలిసింది. 17వ క్రోమోజోముపై తెగినది రెటినోయిక్ ఆమ్ల గ్రాహకపు జన్యువే. అది 15వ క్రోమోజోముపై ఉన్న పి.ఎం.ఎల్. అనే జన్యువుతో అతుక్కుని ఒక సంకర ప్రోటీన్‌ను పుట్టిస్తున్నది.

దీనిని తాళం, తాళంచెవులతో పోల్చవచ్చు. సాధారణ గ్రాహకం ఎదుగుదల జన్యువులకు వేసిన తాళం. శరీరంలో సహజంగా ఉండే కొద్దిపాటి రెటినోయిక్ ఆమ్లమే దానిని తెరవగలదు. సంకర ప్రోటీన్ తుప్పుపట్టి బిగుసుకున్న తాళం వంటిది. సహజ పరిమాణానికి అది కదలదు. మందు రూపంలో అధిక మోతాదు అందితేనే తెరుచుకుంటుంది. అంతేగాక ఆ మోతాదులో ఆమ్లం సంకర ప్రోటీన్‌ను కణం చేతనే నాశనం చేయిస్తుంది. షాంఘై వైద్యులు చికిత్స ప్రారంభించిన కొన్నేళ్లకు గాని ఈ కారణం తెలియలేదు.

అరుదుగా కొందరు రోగులలో ఆ గ్రాహకపు జన్యువు వేరే క్రోమోజోము ముక్కతో అతుక్కుంటుంది. వాటిలో 11వ క్రోమోజోముకు సంబంధించిన ఒక రకానికి ఆట్రా సరిగా పనిచేయదు. అందుకే జన్యు పరీక్ష తప్పనిసరి.

పాషాణం తోడైన వేళ

ఒక్క ఆట్రాతో చికిత్స పొందినవారిలో అనేకులకు కొన్ని నెలల తరువాత వ్యాధి తిరగబెట్టింది. మందు వాడుతున్నకొద్దీ శరీరం దానిని వేగంగా విచ్ఛిన్నం చేయడం నేర్చుకుంటుంది. రక్తంలో దాని పరిమాణం పడిపోతుంది. కనుక కీమోథెరపీని జతచేశారు. ఫలితాలు ఎంతో మెరుగయ్యాయి.

ఇంతలో చైనాలోని హార్బిన్ నగరం నుంచి మరో మందు వచ్చింది. 1970 దశకంలో అక్కడి వైద్యుడు జాంగ్ టింగ్‌డోంగ్ బృందం సంప్రదాయ ఔషధాన్ని పరిశీలిస్తూ ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ గుణాన్ని గుర్తించింది. తెలుగులో శంఖపాషాణం అని పిలిచే విషమే ఇది. సంకర ప్రోటీన్‌లో గ్రాహకపు భాగాన్ని ఆట్రా పట్టుకుంటే, పి.ఎం.ఎల్. భాగాన్ని ఆర్సెనిక్ పట్టుకుంటుంది. రెండువైపులా చిక్కిన ఆ ప్రోటీన్ నశిస్తుంది.

2013లో ఇటలీ, జర్మనీ వైద్యులు ప్రకటించిన అధ్యయనం ఈ చికిత్సను మలుపు తిప్పింది. తెల్లకణాల సంఖ్య పది వేలకు మించని రోగులకు ఆట్రా, ఆర్సెనిక్ కలిపి ఇచ్చినప్పుడు, రెండేళ్లు గడిచేసరికి 97 శాతం మంది వ్యాధి తిరగబెట్టకుండా, ప్రాణనష్టం లేకుండా ఉన్నారు. ఆట్రా, కీమోథెరపీ పొందినవారిలో ఆ సంఖ్య 86 శాతం. అనగా ఈ తరహా రోగులకు సంప్రదాయ కీమోథెరపీ లేకుండానే నయం చేయడం సాధ్యమైంది.

ఈ చరిత్రలో సరిహద్దు తెలుగువారికి సుపరిచితమైన ఊరు కూడా ఒకటి ఉన్నది. చిత్తూరు జిల్లా పొరుగునే, కాట్పాడి జంక్షన్‌కు దగ్గరగా ఉన్న వెల్లూరులోని క్రిస్టియన్ వైద్య కళాశాల వైద్యులు 1998-2004 మధ్య 72 మంది కొత్త రోగులకు ప్రధానంగా ఆర్సెనిక్ ఒక్కదానితోనే చికిత్స చేశారు. 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం సుమారు 86 శాతం మందిలో వ్యాధి పూర్తిగా అదుపులోకి వచ్చింది. ఖరీదైన చికిత్స భరించలేని కుటుంబాలకు కూడా మార్గమున్నదని ఆ అధ్యయనం చూపింది.

తొలి రోజులే కీలకం

మందు ఇంతగా పనిచేస్తున్నా కొందరు రోగులు మరణిస్తూనే ఉన్నారు. వారిలో అధికులు చికిత్స మొదలు కాకముందో, మొదలైన తొలి వారాలలోనో రక్తస్రావం వల్ల పోతున్నవారే. కాబట్టి రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసి ఎ.పి.ఎల్. అన్న అనుమానం కలిగిన వెంటనే, జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆట్రా ప్రారంభించాలన్నది వైద్యుల నియమం. అనుమానం తప్పని తేలితే మందు ఆపవచ్చు. ఆలస్యమైతే పోయిన కాలం తిరిగి రాదు. ఆట్రా మొదలైన కొద్ది రోజులలోనే గడ్డకట్టే వ్యవస్థ కుదుటపడడం ప్రారంభిస్తుంది. అంతవరకు ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వంటి రక్త భాగాలను ఎక్కిస్తూ రోగిని కాపాడాలి.

మందుకు కూడా తనదైన ప్రమాదం ఉన్నది. రోగకణాలు ఒక్కసారిగా ఎదగడం మొదలుపెట్టినప్పుడు కొందరిలో జ్వరం, ఆయాసం, వాపులు, హఠాత్తుగా బరువు పెరగడం, ఊపిరితిత్తులలో నీరు చేరడం కనిపిస్తాయి. దీనిని డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ అంటారు. వెంటనే గుర్తించి డెక్సామెథసోన్ ఇస్తే చాలామంది కోలుకుంటారు. పిల్లలలో తీవ్రమైన తలనొప్పి రావచ్చు. పెదవులు, చర్మం పొడిబారడం సాధారణం. ఆర్సెనిక్ ఇచ్చే రోజులలో గుండె లయను ఈసీజీతో, రక్తంలోని పొటాషియం, మెగ్నీషియంలను పరీక్షలతో గమనిస్తూ ఉండాలి.

విటమిన్ మాత్ర మందు కాదు

ఈ కథ విన్నవారికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది. విటమిన్ 'ఎ' మాత్రలు మింగినా, క్యారెట్లు అధికంగా తిన్నా రక్త క్యాన్సర్ తగ్గుతుందా? తగ్గదు. శరీరం తన అవసరానికి తగినంత మేరకే విటమిన్‌ను ఆమ్లంగా మార్చుకుంటుంది. బిగుసుకున్న తాళాన్ని తెరిచేటంత మోతాదు ఆ దారిలో అందదు. పైగా విటమిన్ 'ఎ' మితిమీరితే తలనొప్పి, వాంతులు, కాలేయ నష్టం కలుగుతాయి. గర్భిణి అధిక మోతాదులో తీసుకుంటే శిశువుకు అవయవ లోపాలు రావచ్చు. ఆట్రా విషయంలో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. పిల్లలకు తొమ్మిది నెలల వయసు నుంచి అంగన్‌వాడీలలో, ఆరోగ్య కేంద్రాలలో వేసే విటమిన్ 'ఎ' చుక్కలు చూపును, రోగనిరోధక శక్తిని కాపాడడానికి ఉద్దేశించినవి. వాటిని క్రమం తప్పక వేయించాలి. వాటికీ ఈ చికిత్సకూ సంబంధం లేదు.

అదే విధంగా పాషాణం మందు అయిందని విని నాటు మందుల వారి వద్ద కొని వాడడం ప్రాణాంతకం. ఆసుపత్రిలో ఇచ్చేది శుద్ధి చేసి, లెక్కించిన, నిరంతర పరీక్షల నడుమ వాడే మందు.

విటమిన్లన్నీ క్యాన్సర్‌కు శత్రువులే అనుకోవడం కూడా సరికాదు. ఇందుకు తెలుగువారు మరువరాని ఉదాహరణ ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆ విటమిన్ సంబంధిత పదార్థాలు ఇచ్చినప్పుడు పిల్లలలో లుకేమియా మరింత వేగం పుంజుకున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. దాంతో ఆ విటమిన్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించగా, 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా మేలు కలిగింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను తరువాతి కాలంలో ఎ.పి.ఎల్. రోగులకు కూడా వ్యాధి తిరగబెట్టకుండా ఇచ్చేవారు. ఒక విటమిన్ సంతతి కణాన్ని ఎదిగించింది. మరొక విటమిన్‌ను అడ్డుకోవడమే మందయింది. ఏది ఎప్పుడు మేలో నిర్ణయించవలసినది వైద్యులే.

విటమిన్ 'డి' నుంచి తయారయ్యే చురుకైన రూపం కూడా లుకేమియా కణాలను ఎదిగించగలదని 1981లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుకల కణాలలో చూపారు. అయితే అందుకు కావలసిన మోతాదు రక్తంలో కాల్షియంను ప్రమాదకరంగా పెంచుతుంది. ఆట్రా వలె అది చికిత్సగా స్థిరపడలేదు.

కుటుంబాలు గమనించవలసినవి

ఈ వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు. యువకులలో, నడివయసువారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అంటువ్యాధి కాదు. సాధారణంగా వంశపారంపర్యంగా రాదు. కింది లక్షణాలు ఉన్నపుడు ఆలస్యం తగదు.

- దెబ్బ తగలకుండానే ఒంటిపై కమిలిన మచ్చలు, కాళ్లపై చిన్న ఎర్రని చుక్కలు
- చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి ఆగకుండా రక్తం కారడం, నెలసరిలో అసాధారణ రక్తస్రావం
- పంటి చికిత్స తరువాత, ఇంజక్షన్ చేసినచోట రక్తం ఆగకపోవడం
- తగ్గని జ్వరం, అకస్మాత్తుగా పెరిగిన నీరసం, పాలిపోవడం
- తీవ్రమైన తలనొప్పి, మగత, చూపు మసకబారడం

ఈ లక్షణాలు డెంగీ వంటి ఇతర జ్వరాలలోనూ ఉండవచ్చు. వాటిని వేరు చేయడానికి తొలి మెట్టు రక్తకణాల లెక్క, రక్తపు చుక్క పరీక్ష. ఇవి చిన్న పట్టణాలలో కూడా దొరుకుతాయి. ప్లేట్‌లెట్లు తగ్గాయని తెలిసినప్పుడు తెల్లకణాల తీరు కూడా చూడమని అడగడం మేలు. రోగికి ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వరాదు. కండలోకి ఇంజక్షన్లు వేయించరాదు.

ఎ.పి.ఎల్. అనుమానం వచ్చినట్లయితే రక్తనిధి, రక్తవ్యాధుల నిపుణులు ఉన్న పెద్ద ఆసుపత్రికి అదే రోజు తరలించాలి. సరిహద్దు గ్రామాలలో ఆ ఆసుపత్రి పొరుగు రాష్ట్రంలో ఉండడం మామూలే. ఏ రాష్ట్రపు ఆరోగ్య కార్డు ఎక్కడ చెల్లుతుందో విచారించడం అవసరమే గాని, ఆ విచారణ కోసం ప్రయాణం ఆపరాదు. పరీక్షల కాగితాలు, వీలైతే రక్తపు చుక్క పరీక్షించిన గాజు పలకలు వెంట తీసుకువెళ్లాలి. రక్తదానం చేయగల బంధువులు ఒకరిద్దరు తోడుగా వెళ్లడం మంచిది.

తొలి నెల దాటిన తరువాత చికిత్స ఇంకా కొన్ని నెలలపాటు విడతలుగా సాగుతుంది. ఒంట్లో కులాసాగా ఉన్నదని మధ్యలో మానివేయరాదు. మూలుగలో సంకర జన్యువు జాడ లేదని పరీక్షలో తేలేవరకు, ఆ తరువాత వైద్యులు చెప్పినంత కాలం రాకపోకలు కొనసాగించాలి. ఒకప్పుడు వారాలలో ముగిసిపోయిన జీవితాలు నేడు నిండుగా సాగుతున్నవంటే, మందు కనుగొన్నవారి శ్రమతో పాటు, రోగిని వేళకు ఆసుపత్రికి చేర్చిన కుటుంబాల పాత్ర కూడా అందులో ఉన్నది.